హ్యాండ్ వీల్ తీసి మోటారు పెడితే



మాదాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం అనగానే అద్దాల మేడలు, మెడలో ఐడీ కార్డులు, సాయంత్రానికి కదలనని మొరాయించే ట్రాఫిక్ గుర్తొస్తాయి. 1998 నవంబరు 22న నాటి ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన రోజు నుంచి ఈ ప్రాంతం పేరు సాఫ్ట్‌వేర్‌తో ముడిపడిపోయింది. అయితే అదే రాయదుర్గంలో, స్టార్టప్‌ల కేంద్రమైన టీ-హబ్‌కు దగ్గర్లో, కోడ్ రాసేవాళ్లకూ ఇనుము కోసేవాళ్లకూ ఒకే కప్పు కింద చోటిచ్చిన భవనం ఒకటుంది. దాని పేరు టీ-వర్క్స్. తెలంగాణ ప్రభుత్వం నెలకొల్పిన ఈ కేంద్రాన్ని 2023 మార్చి 2న ఫాక్స్‌కాన్ అధినేత యంగ్ లియూ ప్రారంభించారు. 78 వేల చదరపు అడుగుల్లో మిల్లింగ్ మిషన్లు, లేజర్ కటింగ్, వెల్డింగ్, త్రీడీ ప్రింటింగ్, సర్క్యూట్ బోర్డుల తయారీ అన్నీ అక్కడున్నాయి. ఒక ఆలోచన పట్టుకుని వెళ్లినవారు దాని నమూనాను చేతిలో పట్టుకుని బయటికి రావాలన్నది దాని ఉద్దేశం.

ఈ ప్రసంగం విషయం మాత్రం అంత పెద్దది కాదు. ఒక బల్ల మీద పట్టేస్తుంది. ఇంట్లో పెట్టుకునే చిన్న మిల్లింగ్ మిషన్‌కు చేత్తో తిప్పే చక్రాలు తీసేసి, మోటార్లు బిగించి, కంప్యూటరు చెప్పినట్టు కదిలేలా చెయ్యడం. ప్రపంచమంతటా అభిరుచి కొద్దీ యంత్రాలు చేసుకునేవారు ఏళ్ల తరబడి చేస్తున్న పని ఇది. హైదరాబాద్‌లో ఈ పనికి ఒక ప్రత్యేకత ఉంది. దీనికి కావలసిన రెండు విద్యలూ ఈ ఊళ్లోనే, ఒకదానికొకటి మహా అయితే పది పదిహేను కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. కోడ్ రాసే విద్య మాదాపూర్‌ది, ఇనుము కోసే విద్య బాలానగర్‌ది. రాయదుర్గంలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో లైను మారితే బాలానగర్ స్టేషన్‌లో దిగొచ్చు. ఇంత దగ్గరగా ఉన్నా ఆ రెండు విద్యలు ఒకే బల్ల దగ్గర కలుసుకునే సందర్భాలు తక్కువ.

ముందు యంత్రం సంగతి. లేత్‌లో జాబ్, అంటే కొయ్యవలసిన ముక్క, తిరుగుతుంది, టూల్ నిలిచి ఉంటుంది. మిల్లింగ్‌లో తిరిగేది కట్టర్, బల్ల మీద బిగించి ఉండేది జాబ్. బల్ల కుడి ఎడమలకు కదిలితే ఎక్స్, ముందుకూ వెనక్కూ కదిలితే వై, పైనున్న తల దిగితే, లేస్తే జెడ్. ఒక్కో దిక్కుకూ ఒక చక్రం, ఆ చక్రానికి ఒక మరచుట్ల కడ్డీ, అంటే లీడ్ స్క్రూ. అభిరుచి యంత్రాల్లో బాగా పేరున్నది షాంఘైకి చెందిన సీగ్ కంపెనీ ఎక్స్2 అనే నమూనా. అరవై కిలోలకు అటూ ఇటూ బరువు, 350 వాట్ల మోటారు. ఇద్దరు పట్టుకుంటే అపార్ట్‌మెంట్ లిఫ్టులోకి ఎక్కించొచ్చు. కొండాపూర్‌లో అద్దె ఫ్లాట్ బాల్కనీలోనైనా ఇమిడిపోతుంది, కింది ఇంటివాళ్లు చప్పుడుకు అభ్యంతరం చెప్పకపోతే.

చేతి చక్రాల యంత్రంతో చదునైన పలకలు, తిన్నని గాడులు, రంధ్రాలు చక్కగా వస్తాయి. వంపు దగ్గరే చిక్కంతా. గుండ్రటి ఆకారం కొయ్యాలంటే రెండు చక్రాలనూ ఒకే సమయంలో, క్షణక్షణం మారే వేగంతో తిప్పాలి. మనిషి చేతులకు అది సాధ్యం కాదు.

సరిగ్గా ఈ చిక్కే 1940ల చివర్లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో జాన్ పార్సన్స్‌కు ఎదురైంది. ఆయన హెలికాప్టర్ రెక్కలు తయారుచేసేవాడు. రెక్క వంపును సరిచూసే అచ్చు కొయ్యాలి. ఆయన దగ్గర పనిచేసే ఫ్రాంక్ స్టూలెన్ ఐబీఎం గణన యంత్రంతో వంపు మీద బోలెడన్ని బిందువులు లెక్కగట్టించాడు. తర్వాత ఏం చేశారో వింటే ముచ్చటేస్తుంది. ఒక మనిషి కాగితం చూసి అంకెలు పైకి చదివేవాడు. ఒకడు ఎక్స్ చక్రం దగ్గర, ఇంకొకడు వై చక్రం దగ్గర నిలబడి, విన్న అంకె దగ్గరికి బల్లను జరిపేవాళ్లు. ఆ బిందువు దగ్గర కోత. మళ్లీ ఇంకో అంకె. మనుషులే కంట్రోలర్, మనుషులే మోటార్లు అన్నమాట. 1949లో అమెరికా వైమానిక దళం ఈ ఆలోచనకు డబ్బిచ్చింది. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలోని సర్వోమెకానిజమ్స్ ప్రయోగశాల రంగంలోకి దిగింది. 1952 సెప్టెంబరులో, చిల్లుల కాగితపు టేపు చదివి మూడు దిక్కుల్లో తనంతట తాను కదిలే యంత్రాన్ని అక్కడివారు లోకానికి చూపించారు.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. ఆ యంత్రాన్ని వాళ్లు కొత్తగా తయారుచెయ్యలేదు. సిన్సినాటి కంపెనీ చేసిన హైడ్రోటెల్ అనే మామూలు మిల్లింగ్ మిషన్‌ను తీసుకుని మార్చారు. అంటే కంప్యూటరు అదుపులో నడిచే యంత్రాల (సీఎన్‌సీ) వంశంలో మొట్టమొదటిదే ఒక మార్పిడి యంత్రం. ఇవాళ బాల్కనీలో చిన్న మిషన్‌ను విప్పి కూర్చున్న కుర్రాడు చేసే పని ఆ పెద్దల పనికి సూటి వారసత్వం. ఆ రోజున గది నిండిన వాక్యూమ్ ట్యూబుల బదులు ఇవాళ వేలెడంత చిప్ ఉంది, అంతే తేడా.

మన దగ్గరా ఇలాంటి కథ ఉంది, దాన్ని తలుచుకోకుండా ముందుకు వెళ్లకూడదు. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి ఆసు పోసేవారు, అంటే చీర నేతకు ముందు దారాన్ని సిద్ధం చేసేవారు. ఒక్క చీరకు దాదాపు 9 వేల సార్లు చేతిని ముందుకూ వెనక్కూ ఆడించాలి. ఆమె భుజం నొప్పి చూడలేక కొడుకు యంత్రం కట్టడం మొదలుపెట్టాడు. ఆ పని చాలా ఏళ్లు నడిచినా ఒక కదలిక దగ్గర ఆగిపోయింది. బతుకుతెరువు కోసం హైదరాబాద్ వచ్చి పనిచేస్తున్న రోజుల్లో, 1999లో, బాలానగర్‌లోని ఒక షాపులో నడుస్తున్న యంత్రం కదలిక చూశాక తన యంత్రానికి కావలసిన జవాబు దొరికింది. అదే లక్ష్మీ ఆసు యంత్రం. తర్వాత ఆయన మైక్రోకంట్రోలర్ గురించి సొంతంగా చదువుకుని దాని అదుపును ఎలక్ట్రానిక్స్‌లోకి మార్చాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. మనిషి చేతి కదలికను ముందు ఇనుములోకి, ఆ పైన చిప్‌లోకి తీసుకువెళ్లిన ఈ పని మన నేల మీదే, బాలానగర్ సాక్షిగా జరిగింది.

బాలానగర్‌కు అంత శక్తి ఊరికే రాలేదు. 1943లోనే సికింద్రాబాద్‌లో ప్రాగా టూల్స్ పుట్టింది. కవాడిగూడలో ఆ కంపెనీ చేసిన గ్రైండర్లు, డ్రిల్ చక్‌లు దేశమంతా వెళ్లాయి. 1960లలో నర్సాపూర్ రోడ్డు మీద హెచ్ఎంటీ యంత్రాల కర్మాగారం వచ్చింది. 1968లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం, అంతర్జాతీయ కార్మిక సంస్థల తోడ్పాటుతో కేంద్ర ప్రభుత్వం బాలానగర్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ (సీఐటీడీ) పెట్టింది. డైలు, మౌల్డులు, జిగ్గులు చేసే విద్యకు అది ఇప్పటికీ బడి. 1970లో హెచ్ఎంటీ అనుభవం ఉన్న ఇంజనీర్లు మొదలుపెట్టిన చిన్న సంస్థ ఎంటార్. ఆ పేరు పూర్తిగా చదివితే మెషిన్ టూల్ ఎయిడ్స్ అండ్ రీకండిషనింగ్. పాత యంత్రాలను బాగుచేసి మళ్లీ ప్రాణం పొయ్యడం అనే పని పేరులోనే ఉంది. ఆ సంస్థే తర్వాత అణు రియాక్టర్లకు విడిభాగాలు, ఇస్రో రాకెట్లలో వాడే వికాస్ ఇంజన్లు చేసే స్థాయికి ఎదిగింది. పాత యంత్రాన్ని విప్పి సరిచెయ్యడం తెలిసినవాడికి కొత్తదాన్ని చెయ్యడమూ చేతనవుతుందని చెప్పడానికి ఇంతకన్న పెద్ద ఉదాహరణ ఈ ఊళ్లో మరొకటి లేదు.

ఇక మార్పిడి ఎలా చేస్తారో చూద్దాం. మాదాపూర్ నుంచి వచ్చినవారు సహజంగా మోటార్లు, బోర్డులు, సాఫ్ట్‌వేర్ దగ్గర మొదలుపెడతారు. తెలిసిన దారి అదే కనుక. అక్కడ మొదలుపెట్టినవారిలో చాలామంది నెల తిరక్కుండా తల పట్టుకుంటారు. ఈ పనిలో మొదట కొనవలసిన పనిముట్టు డయల్ గేజ్. మిల్లీమీటరులో వందో వంతు చూపించే గేజ్‌ను అయస్కాంతపు స్టాండుకు బిగించి, దాని ముల్లును బల్లకు ఆనించి, చక్రాన్ని ఒక వైపు తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పాలి. చక్రం తిరుగుతుంది కానీ కాసేపు బల్ల కదలదు. పాత తలుపు గడియ లాగితే, పట్టు దొరికేలోపు కాస్త వదులుగా ఆడినట్టే ఇదీ. దీన్నే బ్యాక్‌లాష్ అంటారు. లీడ్ స్క్రూకూ నట్టుకూ మధ్య ఉన్న సందు అది. చవక యంత్రాల్లో 0.1 నుంచి 0.3 మిల్లీమీటరు దాకా ఉండడం మామూలే.

చేత్తో తిప్పేటప్పుడు ఈ సందు పెద్దగా ఇబ్బంది పెట్టదు. అనుభవమున్న మిల్లర్ ఎప్పుడూ ఒకే వైపు నుంచి కొలతకు చేరుకుంటాడు. దాటిపోతే బాగా వెనక్కి వచ్చి మళ్లీ ముందుకు తిప్పుతాడు. అతనికి చెయ్యే చెబుతుంది, ఎక్కడ పట్టు దొరికిందో, ఎక్కడ కట్టర్ బిగుస్తోందో. కంప్యూటరుకు ఆ చెయ్యి లేదు. తాను పంపిన అంకె మేరకు బల్ల కదిలిందనే నమ్ముతుంది. అందుకే ఈ మార్పిడిలో అసలు పని, చేతికి తెలిసినదాన్ని ముందే ఇనుములో కూర్చిపెట్టడం. కంప్యూటరు ఖచ్చితత్వాన్ని తీసుకురాదు. ఉన్న ఖచ్చితత్వాన్ని అలసిపోకుండా మళ్లీ మళ్లీ చేసి చూపిస్తుంది. ఉన్న తప్పునూ అంతే శ్రద్ధగా చేసి చూపిస్తుంది.

కాబట్టి ముందు జిబ్బులు సరిచూడాలి. బల్ల జారే గాడి పక్కన ఉండే సన్నని పట్టీలు అవి. వదులైతే బల్ల ఊగుతుంది, బిగిస్తే పట్టేస్తుంది. నూనె రాసి, పొడవునా బల్లను నడిపి, ఎక్కడ బిగుసుకుంటోందో చేత్తో తెలుసుకుని, అవసరమైతే ఆ చోట స్క్రేపర్‌తో గోకాలి. తర్వాత తల నిటారుగా ఉందా లేదా అన్నది చూడాలి. కట్టర్‌ను తిప్పే ఇరుసుకు, అంటే స్పిండిల్‌కు గేజ్ కట్టి, బల్ల మీద చుట్టూ తిప్పి, నాలుగు చోట్లా ఒకే అంకె వచ్చేదాకా సరిచెయ్యాలి. ఈ రెండు పనులకే కొన్ని శని, ఆదివారాలు పడతాయి. అవి వృథా కావు. ఇవి చెయ్యకుండా బిగించిన మోటారు, వంకర గోడకు వేసిన ఖరీదైన రంగులాగే మిగులుతుంది.

ఆ తర్వాత లీడ్ స్క్రూ తీసేసి బాల్ స్క్రూ. ఇందులో మరకూ నట్టుకూ మధ్య ఉక్కు గుండ్లు దొర్లుతుంటాయి. ఒరిపిడి తక్కువ, సందు తక్కువ. అభిరుచి యంత్రాలకు ఎక్కువగా వాడేది 1605 అనే కొలత: 16 మిల్లీమీటర్ల లావు, ఒక చుట్టుకు 5 మిల్లీమీటర్ల నడక. మామూలు లీడ్ స్క్రూలో మోటారు బలంలో సుమారు మూడో వంతే బల్లకు చేరుతుంది. మిగతాది ఒరిపిడికి పోతుంది. బాల్ స్క్రూలో 90 శాతం దాకా చేరుతుంది. లెక్క చూడండి. 2 న్యూటన్ మీటర్ల మోటారు, 5 మిల్లీమీటర్ల నడక ఉన్న బాల్ స్క్రూ కలిస్తే, నెమ్మదిగా నడిచేటప్పుడు బల్లను తోసే బలం దాదాపు 2,260 న్యూటన్లు, అంటే 230 కిలోల బరువంత. అంత బలం మధ్యలో వేలు పడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. అందుకే ఎర్ర గుండీ, అదే ఎమర్జెన్సీ స్టాప్, మొదటి రోజే, చేతికి అందే చోట, మోటార్లకు వెళ్లే కరెంటును నేరుగా తెంచేలా పెట్టాలి. సాఫ్ట్‌వేర్ అనుమతి తీసుకుని ఆపే గుండీ పనికిరాదు.

బాల్ స్క్రూ చివరలను బేరింగులకు సరిపోయేలా తురమాలి, దాని మీద మరచుట్లు వెయ్యాలి. గట్టిపడిన ఉక్కు కనుక ఇంట్లో కుదరదు. ఇక్కడే బాలానగర్ జాబ్ షాపులు, జీడిమెట్ల, చర్లపల్లి గ్రైండింగ్ షాపులు కావాలి. తెర మీద అందంగా గీసిన త్రీడీ బొమ్మ పట్టుకెళితే, "సార్, టాలరెన్స్ ఎక్కడ రాశారు?" అని అడుగుతారు. చాలామంది సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లకు ఆ ప్రశ్న కొత్త. పది మిల్లీమీటర్లు అంటే ఎంత? 10.00? 9.99? బేరింగ్ లోపలికి చేత్తో జారాలా, తట్టి దింపాలా? ఆ ఒక్క సంభాషణలో నేర్చుకునేది ఏ వీడియోలోనూ దొరకదు. వృత్తిలో ముప్పై ఏళ్లు గడిపిన ఫిట్టర్లు ఇంకా ఆ షాపుల్లో ఉన్నారు. వాళ్లు పని మానేసేలోపు ఈ ప్రశ్నలు అడిగించుకునే కుర్రాళ్లు ఎందరు వెళతారన్నదే బెంగ.

మోటార్లు బిగించే పలకల సంగతి వేరు. వాటిని ఈ మిషన్ తనకు తానే చేసుకోగలదు. తెలివైనవారు మూడు దిక్కులనూ ఒకేసారి విప్పరు. చేతి చక్రాలు ఉండగానే అల్యూమినియం పలకలు, బేరింగ్ దిమ్మలు కోసిపెట్టుకుని, ఒక్కో దిక్కును మార్చుకుంటూ వెళతారు. అన్నీ విప్పేశాక ఒక రంధ్రం మరిచిపోయామని తెలిస్తే, ఆ రంధ్రం వెయ్యడానికి ఇంకొకరి మిషన్ వెతుక్కోవాల్సి వస్తుంది.

ఇప్పుడు మోటార్లు. నెమా 23 అనే కొలత స్టెప్పర్ మోటార్లు సరిపోతాయి. ఇవి గిర్రున తిరిగే రకం కాదు. ఒక్కో విద్యుత్ తట్టుకు ఒక్కో అడుగు వేస్తాయి. అడుగుకు 1.8 డిగ్రీలు, చుట్టుకు 200 అడుగులు. డ్రైవర్ అనే పెట్టె ఆ అడుగును ఎనిమిది భాగాలు చేస్తే చుట్టుకు 1,600. ఒక చుట్టుకు బల్ల 5 మిల్లీమీటర్లు నడుస్తుంది కనుక, మిల్లీమీటరుకు 320 తట్లు. ఈ 320 అన్న అంకే యంత్రానికీ కంప్యూటరుకూ మధ్య ఒప్పందం. ఒక్క తట్టుకు బల్ల కదిలేది 3 మైక్రాన్ల పైచిలుకు. చదవడానికి అద్భుతంగా ఉంటుంది. కాని నట్టులో 100 మైక్రాన్ల సందు ఉంచుకుని 3 మైక్రాన్ల గొప్ప చెప్పుకోవడంలో అర్థం లేదు.

మోటారు వేగం పెరిగేకొద్దీ స్టెప్పర్ బలం తగ్గిపోతుంది. మంచి సంగతి ఏమిటంటే కోతకు అంత వేగం అక్కర్లేదు. ఆరు మిల్లీమీటర్ల, రెండు పళ్ల కట్టర్‌తో అల్యూమినియం కోస్తున్నాం అనుకుందాం. స్పిండిల్ నిమిషానికి 2,500 చుట్లు, ఒక్కో పన్ను 0.03 మిల్లీమీటరు కొరికితే, బల్ల నిమిషానికి 150 మిల్లీమీటర్లు నడవాలి. బాల్ స్క్రూ నిమిషానికి 30 చుట్లు తిరిగితే చాలు. అంటే మోటారు తన బలం ఎక్కువగా ఉన్న చోటే పనిచేస్తుంది. కోత లేకుండా ఒక చోటి నుంచి ఇంకో చోటికి పరుగెత్తించేటప్పుడే చిక్కు. అక్కడ అత్యాశకు పోతే మోటారు అడుగులు తప్పుతుంది. తప్పినట్టు కంట్రోలర్‌కు తెలియదు. అప్పటి నుంచి కోసినదంతా పక్కకు జరిగి ఉంటుంది.

ఆ తట్లను పంపించే కంట్రోలర్ కథ మాదాపూర్‌వారు ప్రత్యేకంగా వినదగినది. 2009లో నార్వేకు చెందిన సిమెన్ స్వాలె స్కోగ్స్రుడ్ గర్బల్ అనే ప్రోగ్రాం రాశాడు. అది ఆర్డుయినో ఊనో బోర్డు మీద నడుస్తుంది. ఆ బోర్డులోని చిప్‌కు ఉన్న పని జ్ఞాపకం 2 కిలోబైట్లు. ప్రోగ్రాంకు చోటు 32 కిలోబైట్లు. అంత ఇరుకులో అది వచ్చే కోడ్ చదువుతుంది, ముందు రాబోయే 16 కదలికల దాకా చూసి ఎక్కడ వేగం తగ్గించాలో లెక్కగడుతుంది, మూడు మోటార్లనూ కలిపి నడిపిస్తుంది, సెకనుకు 30 వేల తట్ల దాకా తడబడకుండా పంపుతుంది. అంటే తట్టుకూ తట్టుకూ మధ్య 33 మైక్రోసెకన్లు. వెబ్ సర్వర్ జవాబు పావు సెకను ఆలస్యమైతే ఎవరూ గమనించరు. ఇక్కడ ఒక తట్టు వేళ తప్పితే మోటారు మూలుగుతుంది, ఇంకొంచెం తప్పితే ఆగిపోతుంది. కాలాన్ని ఇంత గౌరవించే ప్రోగ్రామింగ్ అనుభవం, ఎన్ని కోట్ల మంది వాడే యాప్ రాసినా రాదు.

పెద్ద పనులకు లైనక్స్ సీఎన్‌సీ ఉంది. 1990లలో అమెరికా ప్రభుత్వ కొలతలు, ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీలో పుట్టింది. ప్రభుత్వ సొమ్ముతో రాసినది కనుక అందరికీ వదిలేశారు. తర్వాత స్వచ్ఛంద కార్యకర్తలు పెంచి పోషించారు. దీనికి పాత డెస్క్‌టాప్ కంప్యూటరు చాలు. గర్బల్‌లో లేని ఒక సౌకర్యం ఇందులో ఉంది. కాస్త మిగిలిపోయిన బ్యాక్‌లాష్‌ను అంకెగా చెబితే, దిక్కు మారినప్పుడల్లా అంత మేర అదనంగా తిప్పుతుంది. ఆదుకునే మాట నిజమే. అయితే కోత బలానికి బల్ల తనంతట తాను ఆ సందులో జారితే ఏ సాఫ్ట్‌వేరూ పట్టుకోలేదు. ముఖ్యంగా కట్టర్ తిరిగే వైపే జాబ్‌ను నడిపే కోతలో, కట్టర్ బల్లను తనవైపు లాక్కుని, పన్ను విరగ్గొట్టుకుంటుంది.

సామాను ఎక్కడ? బేరింగులు, కట్టర్లు, కప్లింగులు, గేజ్‌లకు సికింద్రాబాద్ రాణిగంజ్. వైర్లు, కనెక్టర్లు, రిలేలు, పవర్ సప్లయ్‌లకు కోఠి గుజరాతీ గల్లీ. పాత కంప్యూటర్లకు ప్యారడైజ్ దగ్గరి చినాయ్ ట్రేడ్ సెంటర్. ఆన్‌లైన్‌లో అన్నీ దొరుకుతాయి కదా అనొచ్చు. బేరింగ్‌ను వేళ్ల మధ్య తిప్పి చూసి కొనడానికీ, బొమ్మ చూసి కొనడానికీ తేడా ఉంది. పైగా రాణిగంజ్ కౌంటర్ వెనక కూర్చున్నవారిలో చాలామంది, ఏ పనికి అని అడిగి, తగినది వాళ్లే తీసి ఇస్తారు.

వైరింగ్‌లో రెండు మూడు మాటలు చాలు. మోటారు తీగ, స్విచ్ తీగ పక్కపక్కన పరచకూడదు. స్పిండిల్ ఆన్ చెయ్యగానే, బల్ల అంచుకు చేరిందని చెప్పే లిమిట్ స్విచ్ నొక్కినట్టు కంట్రోలర్ భ్రమపడి ఆగిపోయిందంటే కారణం చాలావరకు అదే. పైన అల్లిక ఉన్న షీల్డెడ్ తీగ వాడి, ఆ అల్లికను ఒక చివరే ఎర్త్ చెయ్యాలి. కరెంటు ఉండగా మోటారు తీగ పీకితే డ్రైవర్ కాలిపోవచ్చు. లోహపు తురుము బోర్డు మీద పడకుండా మూత ఉన్న పెట్టె ఉండాలి.

అంతా బిగించాక మొదటి పరీక్ష ఏది? చాలామంది పేరు చెక్కుకుంటారు. అది ముచ్చట. అసలు పరీక్ష గుండ్రటి గుంట. 22 మిల్లీమీటర్ల గుంట కోసి, అందులో 608 అనే మామూలు బేరింగ్ కూర్చోబెట్టి చూడాలి. స్కేటింగ్ చక్రాల్లో ఉండేది అదే. గుంట తయారయ్యేటప్పుడు నాలుగు చోట్ల ఏదో ఒక దిక్కు వెనక్కి మళ్లుతుంది. సందు మిగిలి ఉంటే ఆ నాలుగు చోట్లా చిన్న మెట్టు కనిపిస్తుంది, గోరుతో రాస్తే తగులుతుంది. గుంట గుండ్రంగా కాక కోడిగుడ్డు ఆకారంలో వస్తే, ఒక దిక్కు 320 లెక్కలో తేడా ఉందనో, ఎక్స్, వై ఒకదానికొకటి లంబంగా లేవనో అర్థం. యంత్రం తన తప్పును తానే ఇలా రాసి ఇస్తుంది. ఓపిగ్గా చదవడమే మిగిలిన పని.

హైదరాబాద్ ఎండ కూడా లెక్కలోకి వస్తుంది. 300 మిల్లీమీటర్ల ఉక్కు కడ్డీ 15 డిగ్రీలు వేడెక్కితే 0.05 మిల్లీమీటరు సాగుతుంది. జనవరి పొద్దున్న బాల్కనీలో సరిచేసిన యంత్రం మే మధ్యాహ్నం అదే కొలత ఇవ్వదు. బాలానగర్‌లో కొలతల గదికి ఏసీ ఎందుకు పెడతారో అప్పుడు తెలిసొస్తుంది.

ఈ విద్య బాల్కనీ దాటి ఎక్కడికి వెళ్లగలదు అన్నది అసలు ఆలోచించవలసిన విషయం. పాలిటెక్నిక్‌లలో, ఇంజనీరింగ్ కాలేజీ వర్క్‌షాపుల్లో, చిన్న కర్మాగారాల్లో పాత సీఎన్‌సీ యంత్రాలు మూలపడి ఉండడం అరుదు కాదు. చాలావాటిలో పాడైంది కంట్రోలర్ ఒక్కటే. చేసిన కంపెనీ ఆ బోర్డులు చెయ్యడం మానేసి ఉంటుంది, లేదా కొత్త కంట్రోలర్ ధర యంత్రం విలువకు మించి ఉంటుంది. పోత ఇనుము చట్రం, గైడులు, బాల్ స్క్రూలు మాత్రం నిక్షేపంగా ఉంటాయి. పోత ఇనుములో మిగిలిన ఒత్తిళ్లు ఏళ్లు గడిచేకొద్దీ సడలుతాయి, అది మేలే చేస్తుంది. ఇలాంటి యంత్రాలకు లైనక్స్ సీఎన్‌సీ, కొత్త సర్వో డ్రైవ్‌లు అమర్చడం, చిన్న మిషన్ మార్చిన చేతులకు అసాధ్యమేమీ కాదు. బలం ఎక్కువ కాబట్టి జాగ్రత్తలు పెరుగుతాయి, అనుభవమున్న ఎలక్ట్రీషియన్ తోడు ఉండాలి. లెక్క మాత్రం అదే.

ఒక కాలేజీ ఈ పని చేపట్టాలనుకుంటే మెకానికల్, ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్ సైన్స్ శాఖల నుంచి ఇద్దరిద్దరు విద్యార్థులను ఒకే జట్టుగా కలపాలి. డయల్ గేజ్ పట్టించి మొదటి నెలంతా కొలతలే తీయించాలి. వాటిని పుస్తకంలో రాయించి, సీఐటీడీలోనో బాలానగర్ షాపులోనో పనిచేసిన ఒక పెద్దాయనను పిలిచి ఆ అంకెలు చూపించాలి. ఏ గైడు గోకాలో, ఏ బేరింగ్ మార్చాలో ఆయన చెప్పాక, రెండో నెలలో తీగలు, బోర్డులు. చివరగా కోడ్. ముందు ఫోమ్‌లో, తర్వాత అల్యూమినియంలో, ఆ తర్వాతే ఉక్కులో కోయించాలి. ఈ వరుసలో వెళితే ఒక విద్యా సంవత్సరం సరిపోతుంది. తర్వాతి బ్యాచ్‌కు చదువుకోవడానికి నడిచే యంత్రం ఉంటుంది, దాని ప్రతి తీగా ఎక్కడికి వెళుతుందో చెప్పగల సీనియర్లు ఉంటారు.